సెంటు భూమి లేకుండా మేకలు, పశువుల పెంపకం మొదలుపెట్టడం ఎలా – పాతపట్నం, పర్లాకిమిడి వైపు వాళ్ల కోసం

భూమి లేదు, జీవాలు పెంచుదామనుకుంటున్నాం, ఎన్ని కొనమంటారు, ఏ జాతి కొనమంటారు అని అడుగుతుంటారు చాలామంది. ఆ రెండూ తర్వాత చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సింది ఒకటే, ఆషాఢంలో మీ మేక ఏం తింటాది, వైశాఖంలో ఏం తింటాది. దీనికి జవాబు ఉంటే సొంత భూమి లేకపోయినా పెంచొచ్చు, మన వైపు గొల్లలు తరతరాలుగా మందలు పెంచుకొచ్చింది సొంత పొలాల్లో మేపి కాదు కదా. జవాబు లేకపోతే మాత్రం ఎంత మంచి జాతి కొన్నా ఏడాది తిరిగేసరికి అమ్ముకుంటారు.

నేను రాసేది పాతపట్నం, మెళియాపుట్టి, కొత్తూరు, భామిని, అవతల పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం చుట్టుపక్కల తెలుగువాళ్ల కోసం. మహేంద్రతనయ దాటితే రాష్ట్రం మారుతుంది గానీ వాన, మేత, జబ్బులు రెండు పక్కలా ఒకటే. మారేది ఆఫీసులు, రూల్సు, కొంత సంత బేరం.

మేత ఎప్పుడు దొరుకుతాది, ఎప్పుడు దొరకదు

కొత్తవాళ్లు అనుకునేది, వానాకాలం గడ్డి బోలెడు, ఎండాకాలమే కష్టం అని. భూమి లేనివాళ్లకి ఇది సగమే నిజం. జూన్ చివర నుంచి నవంబర్ దాకా గడ్డి ఎక్కడ చూసినా ఉంటాది, కానీ దాని పక్కనే వరి ఉంటాది, మేకని వదిలితే ఒక్క నిమిషంలో ఎవరి మడిలోకో దిగుతాది, ఆ తర్వాత గొడవ, బందెలదొడ్డి, జరిమానా. అంటే గడ్డి ఉంది, వదిలే చోటు లేదు. కాబట్టి ఈ అయిదు నెలలూ కోసుకొచ్చి వెయ్యాలి. వరి కోతలయ్యాక పొలాలు ఖాళీ అవుతాయి, అప్పుడు హాయిగా మేపుకోవచ్చు అనుకుంటారు, అక్కడ కూడా ఒక మెలిక ఉంది, మన దగ్గర వరి మాగాణుల్లో వెంటనే మినుము, పెసర చల్లేస్తారు, అవి తీసేదాకా ఆ పొలంలో అడుగుపెట్టనివ్వరు. నిజంగా పొలాలు బారుగా తెరుచుకునేది ఫిబ్రవరి చివరో మార్చిలోనో, అప్పటికి నేలలో తడి ఉండదు, గడ్డి ఎండిపోయి ఉంటాది.

ఈ లెక్క మీ ఊరికి ఒకసారి వేసుకోండి. ఏ రైతు ఏ మడిలో ఏం వేస్తాడు, ఏ గరువు (మెట్ట నేల) ఖాళీగా ఉంటాది, చెరువు గర్భం ఎప్పుడు ఎండుతాది, జీడితోటల కింద ఎవరు మేపనిస్తారు, కొండవార ఏ దారిలో మంద పోతాది, ఇవన్నీ ఊళ్లో కాపరిని అడిగితే ఒక్క పూటలో చెప్పేస్తాడు. అతనితో కలిసి కొన్నాళ్లు మంద వెంట తిరగండి, ఏ ట్రైనింగూ దానికి సాటి రాదు. జీడితోటల్లో ఒక జాగ్రత్త, పూత టైములో, అంటే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తేయాకు దోమ అనే పురుగుకి మందు కొడతారు, ఎప్పుడు కొట్టారో అడక్కుండా ఆ తోటలోకి తోలొద్దు.

పాతిక కిలోల మేకకి రోజుకి సుమారు నాలుగు కిలోల పచ్చిమేత కావాలి. నాలుగు మేకలంటే పదహారు కిలోలు, అంటే పొద్దున ఒక మోపు, సాయంత్రం ఒక మోపు. ఒక మనిషి కూలి పని చేసుకుంటూ కూడా ఇది తేగలడు. పది మేకలంటే అది ఇక పూర్తి రోజు పని. మొదట నాలుగుతో మొదలుపెట్టండి అని నేను చెప్పేది డబ్బు చూసి కాదు, ఈ మోపుల లెక్క చూసే.

గడ్డి ఒక్కటే కాదు, మేకకి ఆకు ఇష్టం. పనస, అవిశ, సుబాబుల్, మేడి, రావి, వేప, మునగ, గ్లైరిసిడియా, అన్నీ తింటాది. మన ఊళ్లలో పనసచెట్టు లేని దొడ్డి తక్కువ, కొమ్మలు కొట్టించుకునేటప్పుడు మేం తీసుకుపోతాం అని నాలుగిళ్లలో చెప్పి ఉంచుకుంటే చాలు. సుబాబుల్ మాత్రం మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వొద్దు. లేత జొన్న, కర్రపెండలం ఆకు పచ్చిగా అస్సలు వెయ్యొద్దు, విషమవుతాది. మినుము, పెసర నూర్చాక మిగిలే పొట్టు, వేరుశనగ కట్టె, వీటిని చాలామంది కళ్లంలోనే వదిలేస్తారు లేదా తగలబెడతారు, ఆ టైముకి వెళ్లి అడిగి సంచుల్లో తొక్కి దాచుకోండి, ఏప్రిల్ మే నెలల్లో అదే మీ ఆస్తి.

రైతుకి మీరు ఇవ్వగలిగేది గత్తం

అడిగితే ఊరికే ఎవరిస్తారు అంటారు. ఊరికే ఇవ్వక్కర్లేదు. రైతు దగ్గర గడ్డి ఉంది, గట్టు శుభ్రం చేయించుకోవాల్సిన పని ఉంది. మీ దగ్గర గత్తం, అంటే పెంట ఎరువు ఉంది, రెండు చేతులున్నాయి. ట్రాక్టర్లు వచ్చాక ఊళ్లో ఎడ్లు తగ్గిపోయాయి, గత్తానికి కరువొచ్చింది, మేక పెంట అంటే కూరగాయలవాళ్లు, తోటలవాళ్లు ఎగబడి తీసుకుంటారు. కాబట్టి ముగ్గురు నలుగురు రైతులతో ముందే మాట్లాడుకోండి, మీ గట్ల గడ్డి మొత్తం సీజనంతా నేనే కోస్తాను, గట్టు మీకు శుభ్రంగా ఉంటాది, వేసవిలో ఇన్ని బళ్ల గత్తం మీ చేలో తోలతాను, నాకు కోతలయ్యాక ఇంత వరిగడ్డి ఇవ్వండి అని. మాట పెద్దమనిషి ఎవరైనా ఒకరి ముందు అనుకోండి, కాగితం అవసరం లేదు గానీ మధ్యలో ఒక మనిషి ఉండాలి. ఇంకోటి, గట్టు గడ్డి కోసేటప్పుడు గట్టు తెగకుండా, వరి తొక్కకుండా కొయ్యండి, ఒక్కసారి నీళ్లు పోయాయంటే ఆ రైతు మళ్లీ రానివ్వడు, ఆ మాట పక్క రైతుకీ చేరిపోతాది. పురుగుమందు కొట్టిన మడి గట్టు రెండు వారాలు వదిలెయ్యండి.

పెద్ద మందలవాళ్లు రాత్రిళ్లు రైతు చేలో మంద కట్టి దానికి ధాన్యమో డబ్బో తీసుకుంటారు. నాలుగు మేకలతో అది కుదరదు, కానీ మీ మేకల్ని పెద్ద మందలో కలపొచ్చు, తలకి నెలకి ఇంత అని కాపరికి ఇచ్చుకుని. అలా కలిపితే మీ జీవాలకి టీకాలు, నట్టల (కడుపులో పురుగుల) మందు మందతో పాటే పడ్డాయో లేదో మీరే చూసుకోవాలి.

అసలు కొనడానికి డబ్బే లేకపోతే పాలుకి తెచ్చుకోవడం ఉంది. ఎవరిదో ఆడమేకని మీరు పెంచుతారు, పుట్టిన పిల్లల్లో సగం మీవి. ఇది పాత పద్ధతి, మంచిదే, కానీ మొదటి రోజే మాట్లాడుకోవాల్సినవి మాట్లాడుకోండి: తల్లి చస్తే ఎవరి నష్టం, మందుల ఖర్చు ఎవరిది, ఒక్క పిల్లే పుడితే ఎలా పంచుకుంటాం, మధ్యలో యజమాని తల్లిని అమ్మేస్తానంటే ఏంటి. ఆడవాళ్లు పాలుకి తెచ్చుకున్న చోట డ్వాక్రా గ్రూపు ముందు ఈ మాటలు అనుకుంటే తర్వాత ఎవరూ మాట మార్చలేరు.

కట్టేసే చోటు, కౌలు సంగతి

నాలుగు మేకలు, వాటి పిల్లలకి అరవై డెబ్భై చదరపు అడుగుల పాక చాలు, పెద్ద మేకకి పది చదరపు అడుగుల లెక్క. ఇంటి వెనక అంత చోటుంటే అక్కడే. లేకపోతే ఊళ్లో వాడకుండా వదిలేసిన పశువుల సాలలు ఉంటాయి, ఎడ్లు అమ్మేసినవాళ్లవి, అద్దెకి అడగండి. నేల ఎత్తుగా ఉండాలి, వీలైతే వెదురు బద్దలతో నేలకి రెండు మూడడుగుల పైన మంచెలాగ కట్టండి, పెంట సందుల్లోంచి కిందికి పడిపోతాది, మన వానలకి మేక కాళ్లు తడిలో నానితే గిట్టలు కుళ్లుతాయి, పిల్లలకి జలుబు పట్టి పోతాయి. పడమటి గాలి జల్లు కొట్టే వైపు తడిక కట్టండి. తలుపు గట్టిగా ఉండాలి, ఊర కుక్కలు ఒక్క రాత్రిలో మొత్తం తీసేస్తాయి. పక్కింటివాళ్ల గురించి కూడా ఆలోచించండి, రోజూ ఊడ్చి పెంట దూరంగా కుప్ప వేస్తే వాసన గొడవ రాదు.

సాల అద్దెకి తీసుకుంటే పదకొండు నెలలకి ఒక కాగితం రాయించుకోండి. ఇది బ్యాంకు దగ్గర పనికొస్తాది, కింద చెబుతాను.

భూమి కౌలు మాత్రం జాగ్రత్త. ఆంధ్రా వైపు ఏజెన్సీ గ్రామాల్లో 1/70 చట్టం ఉంది, గిరిజనేతరులు అక్కడ భూమి కొనడమే కాదు, కౌలుకి రాయించుకున్నా చెల్లదు. ఒడిశా వైపు రాయగడ, కోరాపుట్ జిల్లాలు మొత్తం షెడ్యూల్డ్ ఏరియా, గజపతి జిల్లాలో కొంత భాగం, అక్కడా గిరిజనుల భూమి చేతులు మారకుండా 1956 రెగ్యులేషన్ ఉంది. దానికి తోడు ఒడిశాలో 1960 భూసంస్కరణల చట్టం ప్రకారం వ్యవసాయ భూమి కౌలుకివ్వడం మామూలు రైతులకి దాదాపు నిషేధం, అందుకే అక్కడ అన్నీ నోటిమాట కౌళ్లే నడుస్తాయి. సవర, జాతాపు గిరిజనుల ఊళ్లలో వాళ్ల భూమి మీద కన్నేసి పశువుల ఫారం పెడదామని వెళ్లేవాళ్లు ఉన్నారు, అది చట్టానికీ తప్పు, మనిషికీ తప్పు. మేత కోసుకోవడానికి ఒప్పుకోలు, గత్తం మార్పిడి, వీటితో మొదలవ్వండి. మీరే గిరిజనులైతే 2006 అటవీ హక్కుల చట్టంలో సామూహిక మేత హక్కు కూడా ఉంది, గ్రామసభ ద్వారా అడగండి.

ఏ జీవం

నా ఓటు మేకకే. గేదె మీద ఆశ ఉంటాది అందరికీ, రోజూ పాల డబ్బులు వస్తాయి కదా అని. కానీ ఒక పాడి గేదెకి రోజుకి పాతిక కిలోల పైన పచ్చిగడ్డి, అయిదారు కిలోల ఎండుగడ్డి, దాని మీద దాణా, ఒంటికి ఒక కిలో, ప్రతి రెండు లీటర్ల పాలకి ఇంకో కిలో. ఏడాదికి ఎండుగడ్డి ఒక్కటే రెండు టన్నులు. భూమి లేనివాళ్లు ఇదంతా కొని పెడితే పాల డబ్బు దాణా కొట్టుకే పోతాది, పైగా వట్టిపోయిన నెలల్లో కూడా తినాలి కదా అది. గేదె చచ్చిపోతే పెట్టుబడి మొత్తం ఒక్క రోజులో పోతాది, నాలుగు మేకల్లో ఒకటి పోతే మూడుంటాయి. ఒకటి రెండేళ్లు మేకలు పెంచి, గడ్డి ఇచ్చే రైతులు గట్టిగా కుదిరాక గేదె గురించి ఆలోచించండి.

మేకల్లో మన వైపు గంజాం మేక ఉంది, పొడుగు కాళ్లు, నలుపో గోధుమో రంగు, గంజాం వైపు గొల్లలు మందలుగా పెంచే జాతి. ఎంత దూరమైనా నడుస్తాది, మన ఎండకీ వానకీ అలవాటు పడింది, కానీ ఎక్కువసార్లు ఒక్క పిల్లే వేస్తాది. ఊళ్లో ఉండే పొట్టి నాటు మేకలు కొన్ని కవలలు వేస్తాయి. కట్టేసి మేపేవాళ్లకి పొట్టివి నయం, మందతో తిప్పేవాళ్లకి గంజాంవి నయం. రాజస్థాన్ జాతి, ఆఫ్రికా జాతి అని వీడియోలు చూపించి లారీలో దింపుతామంటారు, మొదటిసారి కొనేవాళ్లు వాటి జోలికి పోవద్దు. అంత దూరం ప్రయాణం చేసి, కొత్త వానలో, కొత్త మేతలో తట్టుకోవడం చాలా కష్టం.

మేకలతో పాటు ఒక పది నాటుకోళ్లు పెట్టుకుంటే చేతిఖర్చుకి వస్తాయి. కోళ్లకి కొక్కెర తెగులు టీకా ఒక్కటి మరిచిపోకండి, మొదటి వారంలో ఒకసారి, నాలుగో వారంలో ఒకసారి, రెండు నెలలు దాటాక సూది. అది వెయ్యకపోతే ఎండాకాలం ముందు ఊరి కోళ్లన్నీ ఒకేసారి వాలిపోతాయి.

కొనేటప్పుడు

కోటబొమ్మాళి దగ్గర నారాయణవలస సంత పెద్దది, అది కాక ఊరూరా వారపు సంతలున్నాయి. సంతకి వెళ్లండి, ధరలు వినండి, బరువు అంచనా నేర్చుకోండి, కానీ పెంపకానికి ఆడమేకని సంతలో కొనొద్దు. మంచి ఆడమేకని ఎవరూ సంతకి తోలరు, ఈసుకుపోయేదో (కడుపు నిలవనిదో), పాలు లేనిదో, జబ్బుదో వస్తాది, పది ఊళ్ల జబ్బులు కూడా అక్కడే అంటుకుంటాయి. తెలిసినవాళ్ల మందలోంచి, దాని తల్లిని కూడా చూసి కొనండి. పళ్లు చూడండి, ముందు కింద దవడలో పెద్ద పళ్లు రెండుంటే సుమారు ఏడాది ఏడాదిన్నర, నాలుగుంటే రెండేళ్లు, ఎనిమిది నిండితే నాలుగేళ్లు. రెండు నుంచి నాలుగు పళ్ల మధ్యది, ఒక ఈత అయినది తీసుకుంటే పిల్లల్ని సాకుతాదో లేదో ముందే తెలుస్తాది. కింది కనురెప్ప లాగి చూడండి, లోపల ఎర్రగా ఉండాలి, పాలిపోయి ఉంటే కడుపు నిండా నట్టలే. దవడ కింద నీరు దిగినట్టు సంచి వేలాడితే వద్దు. తోక కింద పారిన మరకలు, ముక్కులో చీమిడి, కుంటు, పొదుగులో గడ్డలు చూడండి. చూడిది అని చెబితే ఆ మాటకి అదనంగా డబ్బు పెట్టకండి. పోతుని ఇప్పుడే కొనక్కర్లేదు, ఊళ్లో మంచి పోతు ఎవరి దగ్గరుందో చూసుకోండి, ఎద ఇరవై ఒక్క రోజులకోసారి వస్తాది, ఆ రోజు తోలుకెళ్తే చాలు.

రాష్ట్రం దాటించి తెచ్చేటప్పుడు సంత రశీదు గానీ అమ్మినవాళ్ల కాగితం గానీ ఉండాలి, బండిలో తెస్తే పశువుల డాక్టరు సర్టిఫికెట్ కూడా తీసుకోండి, 1978 రవాణా నిబంధనల్లో మేకలకి, గొర్రెలకి కూడా అది కావాలి. ఆవులు, ఎడ్లైతే ఈ కాగితాలు లేకుండా దాటించే ప్రయత్నమే వద్దు.

ఇంటికి తెచ్చాక మొదటి మూడు వారాలు ఊరి మందలో కలపొద్దు, వేరేగా కట్టండి. జబ్బుంటే ఆ లోపల బయటపడుతుంది. మేత కూడా మెల్లగా మార్చండి, వాళ్లింట్లో ఏం తిన్నదో అడిగి అదే కొన్నాళ్లు వెయ్యండి.

టీకాలు, జబ్బులు

పీపీఆర్, కాపర్లు పారుడు రోగం అంటారు, నోట్లో పుండ్లు, విరేచనాలు, జ్వరం, మందకి మంద పోతాది. టీకా మూడు నెలలు దాటిన పిల్లల నుంచి వేస్తారు, మూడేళ్లు పనిచేస్తాది. చిటుక రోగం టీకా వానలకి ముందే, మే నెలలోనో జూన్ మొదట్లోనో పడాలి, ఎందుకంటే తొలకరికి మొలిచిన లేత గడ్డి ఆశగా తిన్న మేక, బాగా బలిసిందే, తెల్లారేసరికి చచ్చి ఉంటాది, అప్పుడు ఎవరో దిష్టి తగిలింది అంటారు. దిష్టి కాదు, టీకా లేక. తొలకరి రోజుల్లో బయటికి తోలే ముందు కాస్త ఎండుగడ్డి పెట్టండి. నట్టల మందు వానలకి ముందు ఒకసారి, వానలయ్యాక ఒకసారి తప్పనిసరి, మోతాదు బరువుని బట్టి డాక్టరు చెప్పినట్టు, చూడి మేకలకి అన్ని మందులూ పనికిరావు కాబట్టి చూడిదని ముందే చెప్పండి.

ఆంధ్రా వైపు గ్రామంలో పశుసంవర్ధక సహాయకులు ఉంటారు, ఒడిశా వైపు లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్. 1962 నంబరుకి ఫోన్ చేస్తే రెండు రాష్ట్రాల్లోనూ పశువుల అంబులెన్సు వస్తాది. ఈ నంబరు గోడ మీద బొగ్గుతో రాసి పెట్టండి, ఇంట్లో పిల్లలకి కూడా తెలియాలి. ట్రైనింగుకి ఆమదాలవలస, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి, ఒడిశాలో గజపతి వాళ్లకి ఆర్.ఉదయగిరిలో ఉంది.

పిల్ల పుట్టాక గంటలోపు ముర్రుపాలు తాగాలి. బొడ్డుకి టింక్చర్ అయోడిన్ పెట్టండి. మేక చూడి సుమారు నూట యాభై రోజులు, ఎద రోజు రాసుకుంటే ఏ వారంలో ఈనుతాదో తెలుస్తాది, ఆ వారం కూలికి దూరం పోవద్దు.

డబ్బు

మొదటి నాలుగు మేకలకి వడ్డీకి తేవొద్దు. కూలి డబ్బు, గ్రూపు పొదుపు, లేదంటే పాలుకి. కిసాన్ క్రెడిట్ కార్డు 2018-19 నుంచి పశుపోషణకి కూడా ఇస్తున్నారు, భూమి ఉండాలని లేదు, రిజర్వు బ్యాంకు నిబంధనల్లో సొంత సాల గానీ అద్దె సాల గానీ ఉన్నవాళ్లు, గ్రూపులు అర్హులని స్పష్టంగా ఉంది. అందుకే ఆ పదకొండు నెలల కాగితం రాయించుకోమన్నాను. పశుపోషణకి 2 లక్షల దాకా 7 శాతం వడ్డీ, టైముకి కడితే 4 శాతమే పడుతుంది. కానీ అది మేతకి, మందులకి, రోజువారీ ఖర్చుకి, జీవాలు కొనడానికి కాదు, బ్యాంకులో తిప్పిపంపితే ఈ తేడా తెలుసుకుని మళ్లీ వెళ్లండి. జాతీయ పశుధన మిషన్‌లో సగం సబ్సిడీ అని తిరిగే మెసేజీలు నిజమే గానీ, ఆ స్కీము మొదలయ్యేదే వంద ఆడమేకలు, అయిదు పోతులతో. మొదటి ఏడాది మీకు అది కాదు. ఇన్సూరెన్సు మాత్రం చేయించండి, ప్రీమియంలో పెంపకందారు వాటా 15 శాతమే, ఇన్సూరెన్సు కోసం చెవికి వేసే నంబరు పోగు ఊడిపోతే వెంటనే చెప్పి మళ్లీ వేయించుకోవాలి, పోగు లేకపోతే క్లెయిము రాదు.

అమ్మేటప్పుడు చూపు బేరం వద్దు. వేలాడే తూకం కాటా ఒకటి నలుగురు కలిసి కొనుక్కోండి, ఇంటి దగ్గరే తూచి బరువు తెలుసుకుని బేరగాడితో మాట్లాడండి. మన సరిహద్దు వాళ్లకి ఒక లాభం ఉంది, రెండు క్యాలెండర్లు. ఇటు సంక్రాంతి, దసరా, ఊరూరా అమ్మవారి సంబరాలు, బక్రీదు. అటు ఒడిశా వైపు కార్తీకమంతా చాలా ఇళ్లలో నీచు ముట్టరు, పౌర్ణమి వెళ్లిన మర్నాడు ఛాడఖాయి, ఆ రోజు పర్లాకిమిడి, బరంపురం బజార్లలో మాంసానికి వరసలు కడతారు. ఆ తర్వాత మార్గశిరంలో గురువారాలు మళ్లీ మానేస్తారు. పోతుపిల్లల్ని ఈ పండగలకి, ఛాడఖాయికి పది పదిహేను రోజుల ముందు అమ్మకానికి పెట్టండి, కార్తీకం మధ్యలో డబ్బు అవసరం పడి తక్కువకి తోలుకుపోయే పరిస్థితి రాకుండా చూసుకోండి.

ఆడపిల్లల్ని మొదటి రెండేళ్లు అమ్మకండి, మంద పెరిగేది వాటితోనే. కానీ ఎన్ని ఉంచుకోవాలో ప్రతి ఏడాదీ ఫిబ్రవరిలో తేల్చుకోండి, దాచిన పొట్టు, వరిగడ్డి, ఆకు దొరికే చెట్లు లెక్కపెట్టి, జూన్ దాకా ఎన్ని జీవాలకి సరిపోతాయో అన్ని ఉంచి, మిగిలినవి, ముసలివి, రెండు ఈతలు తప్పినవి మార్చి లోపల అమ్మెయ్యండి, ఏప్రిల్‌లో బక్కచిక్కాక వాటికి ధర రాదు.